ఉత్త నీళ్లు కూడా తెల్లబడ్డాయి

సైన్సు టీచర్లుగా కొత్తగా చేరి, తెలివైన పిల్లలున్న స్కూల్లో పని దొరికిందని సంబరపడుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట చెప్పాలి. సంబరపడండి, తప్పులేదు. నేనూ పడ్డాను. కానీ తెలివైన పిల్లల్ని పాడుచెయ్యడం మామూలు పిల్లల్ని పాడుచెయ్యడం కంటే తేలిక. వాళ్లు చెప్పింది చెప్పినట్టు పట్టేస్తారు. మనం అబద్ధం నేర్పితే దాన్నీ అంతే చక్కగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తారు. ఈ సంగతి రిటైరయ్యే ముందు ఏడాది నేను కళ్లారా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. నా గొంతు పెరగగానే మా ఇంట్లోవాళ్లు బీపీ మాత్ర వేసుకున్నావా అని అడుగుతారు. వేసుకుంటాను. అయినా మండుతుంది.

మాది గురజాల నుంచి మాచర్ల వెళ్లే దారికి కాస్త లోపలగా, మిరప చేల మధ్య, ఒక ట్రస్టు నడిపే రెసిడెన్షియల్ స్కూలు. ఆరో తరగతికి ఎంట్రన్స్ రాసి నెగ్గితేనే సీటు. క్వారీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, తాపీ పనివాళ్ల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు ఎక్కువ. ఊళ్లో ఏ బడికి వెళ్లినా క్లాసులో ఫస్టు వచ్చే పిల్లలు అందరూ ఒకేచోట చేరితే ఎలా ఉంటుందో అలా ఉండేది. పదో తరగతికి వచ్చేసరికి వాళ్లనే మళ్లీ వడపోసి స్పెషల్ సెక్షన్ ఒకటి తయారుచేసేవాళ్లు. ఆ సెక్షన్ పిల్లలకి నరసరావుపేటలో ట్రస్టువాళ్ల కాలేజీలోనే ఇంటర్ చదువు, హాస్టలు, తిండి అన్నీ ఉచితం. మిగతా సెక్షన్ల పిల్లలు ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. ఆ దారి చాలామందికి, ముఖ్యంగా ఆడపిల్లలకి, మిరప కోతల దగ్గరే ఆగిపోయేది.

నేను భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అంటే, పదో తరగతికి బోర్డు మీద చెప్పేదాన్ని. ల్యాబు ఉంది, చక్కటి నల్లరాతి బల్లలతో. దానికి తాళం కూడా ఉంది. పదో తరగతి పిల్లలు ల్యాబుకి పోతే ఒక పీరియడు "వేస్టవుతుంది" అని మా ప్రిన్సిపాల్ గారి అభిప్రాయం. ఆయన లెక్కల మాస్టారుగా మొదలైన మనిషి. లెక్కలు బాగా చెప్పేవాడనే పేరుంది, అబద్ధమెందుకు. కానీ ఆయన లెక్కలో ప్రయోగమంటే జవాబు ముందే అచ్చయి ఉన్న ప్రశ్న. మరి జవాబు తెలిసిన ప్రశ్న కోసం గాజుసామాను పగలగొట్టుకోవడం ఎందుకు?

అలా మా స్కూల్లో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. రికార్డులో ఫలితం ముందు రాసేవాళ్లు. ప్రయోగం తర్వాత, కుదిరితే. కుదరకపోతే ఏమీ నష్టం లేదు. చూసి రాసేది కాదు కాబట్టి చూడాల్సిన పనీ లేదు. నేను గొడవపెట్టుకుంటే ఆయన నవ్వేవాడు.

"మేడం, మీరు చానా పాత కాలంలో ఉన్నారు. పరీక్షలో అడిగేది ఏం వచ్చిందని గాదు, ఏం రావాలని."

పెద్దమనిషి ఈ మాట దాచుకోకుండా అనేవాడు. నిజాయితీపరుడే పాపం.

ఇక నీళ్ల సంగతి. మా ప్రాంతంలో బోరు నీళ్లు ఎలా ఉంటాయో ఇక్కడ పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. బకెట్లకి తెల్లగా గార కడుతుంది. సబ్బు నురగ రాదు. తలంటుకుంటే జుట్టు చీపురుకట్ట. నోట్లో పోసుకుంటే ఉప్పన. అందుకే పిల్లలకి ఫిల్టరు పెట్టారు, మా స్టాఫ్‌రూముకి క్యాను నీళ్లు వచ్చేవి. కానీ ల్యాబుకి మాత్రం బోరు నీళ్లే. లవణాలు కలపడానికి స్వచ్ఛమైన నీళ్లు, అంటే డిస్టిల్డ్ వాటర్, కావాలని అడిగీ అడిగీ విసిగిపోయి, మాచర్లలో బ్యాటరీలు బాగుచేసే షాపు నుంచి వాళ్లు బ్యాటరీల్లో పోసే నీళ్లు నేనే తెచ్చుకునేదాన్ని. మా తెలుగు మాస్టారు, నా ఈడువాడే, నోటి దురుసులో నాకంటే ఒక ఆకు ఎక్కువ చదివినవాడు, బస్సులో క్యానుతో నన్ను చూసి, "ఏంది మేడం, లారీ గానీ కొన్నారా?" అని అడిగేవాడు.

ఆ ఏడు, పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో, ట్రస్టు పెద్దాయన వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకి సైన్సంటే ఇష్టమట. స్పెషల్ సెక్షన్ పిల్లలు ప్రయోగాలు చేస్తుంటే చూస్తాడట, వీడియో తీయిస్తాడట. అంతే, ల్యాబు తాళం ఊడింది. పిల్లలకి తలా ఒక "తెలియని లవణం" ఇవ్వాలి, అదేమిటో వాళ్లు పరీక్షించి కనిపెట్టాలి. తెలియని లవణం అంటే పిల్లలకి వారం ముందే పేరు చెప్పేసిన లవణమని వేరే చెప్పనవసరం లేదు కదా. సరిగ్గా ఆయన వచ్చే ముందు రెండు రోజులు నన్ను నరసరావుపేటలో ట్రైనింగుకి పంపారు. నేను లేనప్పుడు ప్రిన్సిపాలే దగ్గరుండి ద్రావణాలు కలిపించాడు, పిల్లల చేత రిహార్సలు చేయించాడు. ఏ నీళ్లతో కలిపించాడో మీరు ఊహించగలరు.

నేను తిరిగొచ్చేసరికి పెద్దాయన ముందు వరుసలో సోఫాలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఫోన్లు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ప్రయోగం చాలా చిన్నది. సిల్వర్ నైట్రేట్ అనే మందు ఉంటుంది. మామూలు ఉప్పులో ఉండే క్లోరైడ్ నీళ్లలో ఉంటే, ఈ మందు నాలుగు చుక్కలు పడగానే తెల్లగా, పాలు విరిగినట్టు అవుతుంది; ఆ తెల్లటిదాన్నే అవక్షేపం అంటాం. క్లోరైడ్ లేకపోతే నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. ఆ రోజు పిల్లలకిచ్చిన లవణాల్లో దేన్లోనూ క్లోరైడ్ లేదు. అంతే. ఆరో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

మొదట ఒక కుర్రాడు వచ్చాడు. తెలివైనవాడు, మాటకారి. టెస్ట్‌ట్యూబు పైకెత్తి చూపించి, మందు వేశాడు. ట్యూబు తెల్లగా అయిపోయింది. వెనక గోడ దగ్గర నుంచి నాకు కనిపించింది. ఆ తెల్లటి ట్యూబుని అలాగే పైకెత్తి పట్టుకుని, ఆ కుర్రాడు గట్టిగా, స్పష్టంగా అన్నాడు.

"ఎటువంటి అవక్షేపమూ ఏర్పడలేదు. కాబట్టి ఇందులో క్లోరైడ్ లేదు. ఇది పొటాషియం నైట్రేట్."

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కొట్టాడు. ప్రిన్సిపాల్ కొట్టాడు. నాకు ఒక క్షణం నా కళ్లే చెడ్డాయేమో అనిపించింది. తెలుగు మాస్టారి వైపు చూశాను. ఆయన తలొంచుకుని చెప్పుల వంక చూసుకుంటున్నాడు. అంటే ఆయనకీ కనిపించిందన్నమాట. రెండో పిల్లా అంతే, మూడో పిల్లాడూ అంతే. తెల్లటి ట్యూబు పట్టుకుని ఏమీ రాలేదంటారు, చప్పట్లు పడతాయి. ఆ పిల్లలు అబద్ధం చెప్తున్నట్టు కూడా లేదు. ట్యూబు వంక వాళ్లు చూస్తేగా!

తర్వాత వచ్చిన అమ్మాయిది రాజుపాలెం వైపు ఊరు. తండ్రి సున్నపురాయి క్వారీలో టిప్పర్ నడుపుతాడు. క్లాసులో పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. మందు వేసింది. తెల్లబడింది. నోరు తెరిచి, మూసేసింది.

"చెప్పమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్.

"తెల్లగా వచ్చింది సార్."

"రాదు. సరిగ్గా చూడు."

"చూశాను సార్. వచ్చింది." ఆ పిల్ల ట్యూబుని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. "ఒక్క నిమిషం ఆగండి సార్."

ఖాళీ ట్యూబు ఒకటి తీసుకుని, పక్కనే ఉన్న కొళాయి తిప్పి, నీళ్లు పట్టింది. లవణం గివణం ఏమీ వెయ్యలేదు. ఉత్త నీళ్లు. అందులో మందు వేసింది. అవీ తెల్లబడ్డాయి.

"ఉత్త నీళ్లకే వస్తంది సార్," అంది. భయపడుతూనే అంది. "అందుకని నా ట్యూబులో ఏముందో నేను చెప్పలేను."

నా సర్వీసు మొత్తంలో నేను విన్న అత్యుత్తమమైన సైన్సు వాక్యం అది. ఎవరూ ఆ పిల్లకి నేర్పలేదు. నేను కూడా నేర్పలేదు. ఉత్త నీళ్లతో సరిచూసుకోవాలని ఆ అమ్మాయికి అక్కడికక్కడే తట్టింది. ముందుకెళ్లి ఎత్తుకుందామనిపించింది, పదిహేనేళ్ల పిల్లని.

పెద్దాయన ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "ఏంటండీ, స్పెషల్ సెక్షన్ కదా, చెప్పలేనంటుందేంటి?"

"కన్‌ఫ్యూజ్ అయినట్టుంది సార్. నెక్స్ట్!"

"ఆ అమ్మాయి చెప్పింది రైటు సార్," అన్నాను నేను వెనక నుంచి. "తప్పు మన నీళ్లది. మిగతా ట్యూబులు కూడా ఒకసారి చూడండి, అన్నీ తెల్లగానే ఉన్నాయి."

గదంతా నా వైపు తిరిగింది, ట్యూబుల వైపు ఒక్క తలా తిరగలేదు. ప్రిన్సిపాల్ చప్పట్లు చరిచి, భోజనాలు చల్లారిపోతున్నాయి అన్నాడు. మొదటి కుర్రాడికి పెద్దాయన శాలువా కప్పాడు. ఆ ఫొటో ఆ సాయంత్రానికే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఉంది.

మర్నాడు ఆ అమ్మాయిని స్పెషల్ సెక్షన్ నుంచి తీసేశారు. కారణం, "ఒత్తిడిలో తడబడుతోంది, పోటీ పరీక్షలకి పనికిరాదు." పెట్టే బేడా ఎత్తుకుని ఆ పిల్ల పక్క డార్మిటరీకి పోతుంటే చూసి, నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. నాకేమీ చేతకాకపోవచ్చు గానీ, అరవడం మాత్రం వచ్చు.

అరిచాను. ఆయన విన్నాడు. మీరు నమ్మకపోతే నేను చూపిస్తానని ఆ మధ్యాహ్నమే మాచర్ల వెళ్లి బ్యాటరీ నీళ్లు తెచ్చాను. అవే లవణాలు ఆయన బల్ల మీదే మళ్లీ కలిపాను. మందు వేశాను. నీళ్లు నీళ్లలాగే, తేటగా ఉన్నాయి. పక్కనే బోరు నీళ్లవి తెల్లగా ఉన్నాయి. ఆయన కళ్లజోడు పైకెత్తి మరీ చూశాడు. ఇంక ఏమంటాడోనని నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"మీరు చెప్పింది కరెక్టే మేడం," అన్నాడు శాంతంగా. "ఆ పిల్ల చెప్పిందీ కరెక్టే. అయితే ఏంది?"

ఒప్పుకోని మనిషితో ఎలా పోట్లాడాలో నాకు తెలుసు. ఒప్పుకుని, అయితే ఏంది అనేవాడితో ఎలా పోట్లాడాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

"ఆ పిల్ల వల్ల మిగతా పిల్లలు పెద్దాయన ముందు అబద్ధం చెప్పినట్టయింది గదా," అన్నాడు.

"అయినట్టు కాదండీ. చెప్పారు."

"వాళ్లు చెప్పింది నేను చెప్పమన్నది. ఇప్పుడు పెద్దాయన అడుగుతున్నాడు, మీ స్పెషల్ సెక్షన్‌లో ఇట్టాంటోళ్లు ఎంతమంది ఉన్నారని. ఫ్రీ సీట్లు ఆయన దయ. అవి పోతే ఈ పిల్లలందర్నీ మీరు చదివిస్తారా? ఆ అమ్మాయి రేపు ప్రేయర్‌లో నిలబడి, నేను సరిగ్గా చూడలేదు, పొరపాటు పడ్డాను అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ వీడియో పెద్దాయనకి పంపిస్తా. సీటు మళ్లీ ఇప్పిస్తా. ఇంతకంటే నేనేం చెయ్యను?"

కళ్లు సరిగ్గా పనిచేసిన ఒకే ఒక్క పిల్ల, నా కళ్లు పనిచెయ్యలేదు అని స్కూలు మొత్తం ముందు చెప్పాలట. ఇది ఆయన చేస్తున్న ఉపకారం!

పెద్దాయనకి ఫోను చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, స్కూలు వ్యవహారాల్లో నేను తలదూర్చనండీ," అన్నాడు. సోఫాలో కూర్చుని శాలువాలు కప్పడం స్కూలు వ్యవహారం కిందికి రాదు కాబోలు.

సాయంత్రం ఆ అమ్మాయి తండ్రి వచ్చాడు. ప్రిన్సిపాల్ పిలిపించాడు. క్వారీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమలు కూడా సున్నపు దుమ్ముతో నెరిసిపోయి ఉన్నాయి. నా క్వార్టరు గుమ్మం బయటే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. పక్కన ఆ పిల్ల.

"మేడం గారూ, మా అమ్మాయి తప్పు చేసిందంట. సారీ చెప్పిస్తానండీ."

"తప్పు చెయ్యలేదయ్యా. నీ కూతురు చెప్పింది నిజం. తప్పు చేసింది మేము."

ఆయన కూతురి వంక ఒకసారి చూశాడు. "నిజమేనండీ. మీరంటే నిజమే అయ్యుంటది. నిజమైతే సీటు ఇస్తారాండీ?"

నేను ఏం చెప్పను? మీరు చెప్పండి, మీరైతే ఏం చెప్పేవాళ్లు?

"నాకు తెల్వదు మేడం గారూ, ట్యూబుల సంగతి," అన్నాడు. "ఈళ్లక్కని టెన్త్‌తోనే మానిపించా. పెళ్లి చేశా. దీన్నన్నా చదివిద్దామని. ఒక్క మాటే గదండీ. నోటి మాట. అది చెప్పేస్తే పోద్ది గదా."

పిల్ల నా వైపు చూస్తోంది. వద్దు అని నేను అంటే చెప్పదు. ఆ సంగతి నాకు తెలుసు, తండ్రికీ తెలుసు, అందుకే నా గుమ్మంలోకి వచ్చాడు. వద్దంటే నాకు పోయేదేముంది? నాకు పెన్షనుంది. పోయేది ఆ పిల్ల చదువు. నా నిజానికి ఆ పిల్ల చేత కిస్తీ కట్టించే హక్కు నాకు ఎవరిచ్చారు? వద్దనలేదు. చెప్పమనీ అనలేదు. "నువ్వు చూసింది నిజమమ్మా, అది మాత్రం మర్చిపోకు," అన్నాను. ఆ పిల్ల తలూపింది.

మర్నాడు ప్రేయర్లో మైకు ముందు నిలబడింది. నేను వెళ్లకూడదనుకున్నాను. కానీ ఆ పిల్లని ఒంటరిగా వదలబుద్ధి కాక వెళ్లాను. ఎండ ఏటవాలుగా పడుతోంది, వరసల్లో పిల్లలంతా కళ్లు చికిలించుకుని నిలబడ్డారు. ప్రిన్సిపాల్ తనే ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"నేను ప్రయోగాన్ని సరిగ్గా గమనించలేదు. పొరపాటు పడ్డాను. క్షమించండి."

గట్టిగా, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. అంతా చప్పట్లు కొట్టారు. నా పక్కన తెలుగు మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, ఇప్పుడు పాసైంది పిల్ల," అన్నాడు. ఆయన వెటకారం చెయ్యలేదు.

సీటు తిరిగొచ్చింది. మాట ఇచ్చినట్టే ఇచ్చాడు ప్రిన్సిపాల్, ఆ వంక పెట్టడానికి లేదు. ఇంకో విశేషం కూడా జరిగింది. ల్యాబుకి డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు వచ్చాయి. నేను అడగకుండానే, ఆయనే తెప్పించాడు. పైగా పరీక్షలయ్యేదాకా వారానికొక పీరియడు ల్యాబు నాకు వదిలేశాడు. నా నోరు మూయించడానికి అనుకుంటాను. ఇది చూసి స్టాఫ్‌రూములో ఒకరిద్దరు, "చూశారా మేడం, చివరికి మంచే జరిగింది," అన్నారు. ఆ మాట అన్నవాళ్లని ఇప్పటికీ నేను క్షమించలేదు. అమ్మాయి చదువుకుంటోంది, ల్యాబులో నీళ్లు బాగున్నాయి, ఎవరి ఉద్యోగమూ పోలేదు. అంతా బాగానే ఉంది. మరి నీకెందుకమ్మా ఇంత కోపం, అంటారా? చెప్తాను.

ఆ తర్వాత ఒక రోజు ల్యాబులో నేను మైలుతుత్తం వేడిచేయిస్తున్నాను. మీకు తెలిసిందే, నీలం రంగు పలుకులు. వేడెక్కుతుంటే వాటిలో ఉన్న నీరు పోయి రంగు మారుతుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. పిల్లలు ఎవరి దీపం దగ్గర వాళ్లు నిలబడ్డారు. నేను కావాలనే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ట్యూబు పట్టుకారుతో పట్టుకుని, మంట మీద చక్కగా, అటూ ఇటూ ఆడిస్తూ వేడిచేస్తోంది. నీలం నెమ్మదిగా పోతోంది. నాకు సంతోషమేసింది. ఈ పిల్ల చూస్తుంది, ఈ పిల్లకి చూడ్డం వచ్చు అనుకున్నాను.

"ఏ రంగు వచ్చిందే?" అన్నాను ముద్దుగా.

ఆ పిల్ల ట్యూబు వంక చూడలేదు. తలెత్తి నా మొహంలోకి చూసింది, ఎంతో వినయంగా, ఎంతో జాగ్రత్తగా.

"ఏ రంగు రావాలి మేడం?" అని అడిగింది.